నలభై ఒక్క గ్రాములు

హాక్లీలో, వైజ్ స్ట్రీట్ మీద, రెండో అంతస్తు.
కిటికీకి ఎదురుగా నా బల్ల.
త్రాసులో వాచీ పెడితే
అంకెలు కాసేపు తటపటాయించి
నలభై ఒకటి దగ్గర ఆగాయి.
పట్టీతో సహా.

మళ్ళీ తూచాను.
త్రాసుని నమ్మక కాదు,
బిల్లు మీది ధరను నమ్మలేక.

పిండి కొద్దీ రొట్టె అని విని పెరిగినదాన్ని.
ఇక్కడ పిండి తీసేసినకొద్దీ
రొట్టె ఖరీదు పెరుగుతోంది.
బంగారానికైతే గురిగింజల నాటి నుంచీ లెక్క ఉంది,
బరువుకింత, తరుగుకింత అని.
లేని బరువుకి ఎవరు కట్టారో ఈ వెల!

దీని ఒళ్ళు లోహం కాదు, దారం.
తలవెంట్రుకలో పదోవంతు బొగ్గుదారం.
ముక్కలుగా తరిగి, జిగురులో తడిపి,
వేడి అచ్చులో వేసి నొక్కేస్తే
చల్లారాక తేలిన చారలు,
తడి పలక మీద చెరిపీ చెరపని సుద్దగీతల్లా.
ఏ రెండు వాచీలకీ ఒక్కలా రావు.

వెనక గదిలో హెడ్లీ,
ముప్పై నాలుగేళ్ళుగా గీతలు చెరిపే మనిషి.
స్టీలైనా బంగారమైనా
చక్రానికి ఆనించి, ఊపిరి బిగబట్టి
కొన్ననాటి మెరుపు తెచ్చి ఇస్తాడు.
దీన్ని తిప్పి చూశాడు.
అంచున పెచ్చు లేచినచోట బొటనవేలితో తడిమి
"దీనికి నేనేం చేయను?" అన్నాడు.
నిజమే. కార్బన్‌కి మెరుగు పట్టదు.
తగిలిన దెబ్బ తగిలినట్టే ఉంటుంది.
మార్చాలంటే ఒళ్ళంతా మార్చాలి.

తెచ్చినావిడ గ్వెండా ప్రిచర్డ్, డెబ్భై ఒకటి.
నలభై ఏళ్ళు చర్చి గోపురంలో
గంటల తాళ్ళు లాగింది.
ఆవిడ గంట తూకం ఎనిమిది వందల కిలోలు.
"లాగడంలో ఏముంది,
వదలడంలో ఉంది పనంతా" అంది.

ఇప్పుడా మణికట్లు రెండూ వాచి ఉన్నాయి.
మా భాషలో ఆ మాటకీ ఈ వస్తువుకీ
ఒక్క దీర్ఘమే తేడా.
ఆవిడకి చెప్పలేదు.

స్టీలు వాచీ పెట్టుకుంటే సాయంత్రానికి నొప్పి.
స్టీరింగు తిప్పలేక అమ్మేసిన కారు డబ్బుకి
ఇంకాస్త కలిపి ఇది కొంది.
"చేతికి ఉన్నట్టే తెలియదు" అంది,
మురిపెంగా కాదు, ఫిర్యాదుగానూ కాదు.

పెచ్చు కోసం రాలేదు ఆవిడ.
రోజూ తెల్లారేసరికి ఆగిపోతోందట.

విప్పాను.
సెకనుకి ఎనిమిదిసార్లు, తప్పకుండా కొట్టుకుంటోంది.
వెల్లకిలా పెట్టాను, బోర్లా పెట్టాను,
పక్కకి ఒత్తిగిలబెట్టాను.
ఎలా పడుకోబెట్టినా ఆరోగ్యమే.
మూడు రోజులు తిప్పుడు యంత్రంలో ఉంచితే
ఒక్కసారీ ఆగలేదు.

అప్పుడు తట్టింది.
ఇది చెయ్యి కదిలితే కీ ఎక్కే గడియారం.

ఫారంలో 'లోపం' అని ఉన్నచోట పెన్ను ఆనించి
చాలాసేపు కూర్చున్నాను.
సిరా ఊరి చుక్క పెద్దదైంది.
'లేదు' అని రాశాను.

ఆవిడే అడిగింది,
"నేనే కదూ?"

పక్కనున్న మర తిప్పి కీ ఇవ్వొచ్చు.
కానీ అది కందిగింజంత.
ఆ వేళ్ళకి చిక్కదు.

సోమవారం, గురువారం, పదకొండింటికి
బస్సు దిగి మెట్లెక్కి వస్తుంది.
హెడ్లీ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని
ఎర్ర పాలిష్ ఎండిన గోళ్ళతో
ముప్పై ఐదు చుట్లు తిప్పుతాడు, పైకి లెక్కపెడుతూ.
ఇరవై దాటాక ఆవిడా గొంతు కలుపుతుంది.

మొన్న ఇరవై ఆరు మింగేశాడు.
ఆవిడ చెయ్యెత్తి ఆపింది.
గోపురంలో లెక్క తప్పితే
మళ్ళీ మొదటి నుంచి మోగించాల్సిందేనట.

మొదలుపెట్టాడు, ఒకటి నుంచి.

స్ప్రింగు నిండాక ఎన్ని చుట్లు తిప్పినా జారిపోతుంది.
ఆ సంగతి హెడ్లీకి తెలుసు, నాకూ తెలుసు.